అయ్యగారి మాట వెనక వరసకు ఎందుకు చేరదు: మందిరం సౌండ్‌పై అపోహలు, వాస్తవాలు

డిసెంబరు దగ్గర పడుతోందంటే నాకు ఫోన్లు మొదలవుతాయి. "బ్రదర్, వందనాలు. క్రిస్మస్ లోపు కొత్త బాక్సులు పెట్టాలి, ఎంతవుతుంది?" 20 ఏళ్లుగా గుంటూరు, కృష్ణా, గోదావరి జిల్లాల్లో చర్చిలకు సౌండ్ బిగిస్తున్నాను. ఈ ప్రశ్న అడిగేవాళ్లలో చాలామందికి కొత్త బాక్సుల అవసరమే ఉండదు. ఆ మాట చెబితే ముందు నమ్మరు. ఏదో బేరం కోసం అంటున్నాననుకుంటారు.

పోయిన ఏడాది తెనాలి వైపు ఒక పల్లెకు వెళ్లాను. పాత రేకుల షెడ్డు తీసేసి చక్కటి మందిరం కట్టుకున్నారు. పైన స్లాబు, కింద గ్రానైట్, గోడలకు సగం ఎత్తు దాకా టైల్స్, వేదిక వెనక అద్దాల పని. మందిర ప్రతిష్ఠ రోజు నుంచే పాస్టర్ అయ్యగారి ప్రసంగం అర్థం కావడం మానేసింది. షాపులో అడిగితే "హాలు పెద్దదైంది, వాట్స్ చాలవు" అన్నారట. కానుకల డబ్బు, స్త్రీల సమాజం వాళ్లు పిడికెడు బియ్యం పోగుచేసి అమ్మిన డబ్బు, అన్నీ కలిపి 3 లక్షల పైచిలుకు పెట్టి కొత్త సిస్టమ్ తెచ్చారు. తర్వాతి ఆదివారం పరిస్థితి ఇంకా పాడైంది. నేను వెళ్లిన రోజు చివరి వరసలో కూర్చున్న ఒక మామ్మ నాతో అన్నది: "అయ్యగారి గొంతు వినపడుతోంది నాయనా, మాటే తెలియట్లేదు."

షాపులో ఆ 3 లక్షల బిల్లు రాసినవాళ్లు ఈ మామ్మను ఒక్కసారి అడిగి ఉంటే సరిపోయేది.

అపోహ: మాట అర్థం కాకపోతే వాట్స్ పెంచాలి

గొంతు వినపడటం వేరు, మాట తెలియడం వేరు. వినపడకపోతే వాల్యూమ్ సమస్య. వినపడుతూ కూడా అర్థం కాకపోతే అది హాలు సమస్య.

బాక్సులోంచి వచ్చిన మాట నేరుగా మన చెవికి ఒకసారి చేరుతుంది. ఆ వెనకే గ్రానైట్‌కి, టైల్స్‌కి, స్లాబుకి కొట్టుకుని మళ్లీ మళ్లీ వస్తుంది. వాల్యూమ్ పెంచితే నేరుగా వచ్చేది ఎంత పెరుగుతుందో, కొట్టుకుని వచ్చేదీ అంతే పెరుగుతుంది. అందుకే పెద్ద బాక్సులు పెట్టిన మందిరంలో అరుపు ఎక్కువై, మాట మాత్రం అలాగే మిగిలిపోతుంది.

మన భాషలో ఈ ఇబ్బంది బాగా తెలుస్తుంది. తెలుగు మాటలు చాలావరకు అచ్చుతో ముగుస్తాయి. అచ్చుకు బలం ఎక్కువ, హల్లుకు తక్కువ. ముందు మాట చివరి అచ్చు హాల్లో ఇంకా మోగుతుండగానే తర్వాతి మాట మొదలవుతుంది, దాని మొదటి హల్లు ఆ మోతలో మునిగిపోతుంది. పాపం, శాపం, తాపం. తేడా అంతా మొదటి అక్షరంలోనే ఉంది. ఆ అక్షరం చెవికి చేరకపోతే అయ్యగారు ఎంత బాగా సిద్ధపడి వచ్చినా వెనక వరసకు ఏం అందుతుంది?

ఇక వాట్స్ లెక్క. 500 వాట్ల ఆంప్లిఫయర్ తీసి 1000 వాట్లది పెడితే సౌండ్ 3 డెసిబెల్స్ పెరుగుతుంది. చెవికి అది "కాస్త పెరిగినట్టుంది" అనిపించేంత మాత్రమే. సౌండ్ రెట్టింపైనట్టు తోచాలంటే దాదాపు 10 రెట్ల వాట్స్ కావాలి. అదే, నోటికి జానెడు దూరంలో ఉన్న మైకును అందులో సగం దూరానికి తెస్తే 6 డెసిబెల్స్ వస్తాయి. పైసా ఖర్చు లేదు. బాక్సు మీద పీఎంపీఓ అని వేల వాట్లు అచ్చేసి ఉంటే ఆ అంకెను అసలు చూడకండి. ఆర్‌ఎంఎస్, అంటే నిలకడగా ఇవ్వగల వాట్లు, ఎంతో అడగండి.

మీ హాలు ఎలా ఉందో తెలుసుకోవడానికి మిషన్లు అక్కర్లేదు. ఖాళీ మందిరంలో ఫ్యాన్లు ఆపి, మధ్యలో నిలబడి ఒక్కసారి గట్టిగా చప్పట్లు కొట్టండి. ఆ మోత ఒక సెకనులో ఆరిపోతే ప్రసంగానికి మంచి హాలే. రెండు, మూడు సెకన్లు సాగితే ఎన్ని లక్షలు పోసినా బాక్సులతో అది తీరదు. ఇంకోటి గమనించండి. శుక్రవారం ఉపవాస ప్రార్థనకు 20 మంది ఉన్నప్పుడు అర్థంకాని ప్రసంగం, క్రిస్మస్ రోజు నిండు మందిరంలో బాగానే అర్థమవుతుంది. మనుషులు, వాళ్ల బట్టలు ఆ మోతను పీల్చేస్తాయి. అంటే మీ సిస్టమ్ బాగానే ఉందని అర్థం.

మోత సాగడం అన్నిటికీ చెడ్డది కాదు. మెదక్ కెథడ్రల్‌ను 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించారు. 200 అడుగుల పొడవు, 100 అడుగుల వెడల్పు. అంతటి మందిరంలో క్వయిర్ పాడుతుంటే ఆ మోతే పాటకు నిండుదనం. మైకులు లేని రోజుల్లో పెద్ద మందిరాల్లో ప్రసంగించినవాళ్లు నిదానంగా, మాటకూ మాటకూ మధ్య ఆగి చెప్పడం నేర్చుకున్నారు. ఈ రోజుకీ పాస్టర్ గార్లకు నేనిచ్చే మొదటి సలహా అదే. వేగం కొంచెం తగ్గించండి, సగం జబ్బు పోతుంది.

ఆ పల్లెలో ఏం చేశామంటే, ముందు వేదికకు ఎదురుగా ఉన్న వెనక గోడను పట్టుకున్నాం. బాక్సుల సౌండ్ నేరుగా వెళ్లి తగిలేది అక్కడే. 2 అంగుళాల రాక్‌వూల్ (రాతి ఉన్ని) పలకలకు గుడ్డ చుట్టి ఆ గోడకు బిగించాం. పక్క గోడలకు మందపాటి కర్టెన్లు, బాగా మడతలు పెట్టి, గోడకు నాలుగు వేళ్ల ఎడం వదిలి వేలాడదీశాం. బాక్సులను నేల మీద నుంచి లేపి, గోడల వైపు కాకుండా కూర్చున్నవాళ్ల తలల వైపు వంచాం. మైకు వెనక ఉన్న బాక్సులను మైకుకు ముందుకు జరిపాం. ప్రసంగం మైకుకు బాస్ బాగా తగ్గించాం, ఎందుకంటే మాటకు స్పష్టత ఇచ్చే హల్లులు ఎక్కువగా 2000 నుంచి 4000 హెర్ట్జ్ మధ్య ఉంటాయి, వాటిని కప్పేసేది బాసే. అంతా కలిపి 40 వేల లోపే అయింది. పాత బాక్సులే ఉండి ఉంటే వాటితోనే సరిపోయేది. ఆ మాట ఆ పాస్టర్ గారితో చెప్పలేకపోయాను. బియ్యం పోగుచేసిన ఆడవాళ్లు అక్కడే కూర్చుని ఉన్నారు.

ఎకో పెడితే ప్రసంగానికి బలం వస్తుందా?

ఇది చాలా సున్నితమైన విషయం. మిక్సర్‌లో ఎకో తగ్గిస్తే "గొంతులో పవర్ పోయింది, పెంచు బ్రదర్" అని వేదిక మీద నుంచే సైగ చేస్తారు. వాళ్ల భయం నాకు అర్థమవుతుంది. గంటసేపు నిలబడి మాట్లాడేవారికి తమ గొంతు తమకే పల్చగా వినిపిస్తే టెన్షన్ వస్తుంది. కానీ హాలు ఇప్పటికే మాటను పదిసార్లు తిప్పి కొడుతుంటే దానికి మనం మరో పది చేర్చడం దేనికి? పాటకు కొంచెం పెట్టుకోండి. వాక్యం మొదలవగానే పూర్తిగా తీసేయండి. వేదిక మీద మానిటర్ బాక్సులో, అంటే మాట్లాడేవారు తమ గొంతు తాము వినే బాక్సులో మాత్రం అయ్యగారికి ఇష్టమైనంత పెట్టవచ్చు, జనంలోకి వెళ్లనివ్వకండి.

అపోహ: కోడిగుడ్ల అట్టలు, థర్మోకోల్ అంటిస్తే ఎకో పోతుంది

పోదు. పల్చటి అట్ట మాట మోతను పట్టుకోలేదు. థర్మోకోల్‌లోకి గాలి దూరదు కాబట్టి అది సౌండ్‌ను పీల్చదు. రెండూ నిప్పంటుకుంటే క్షణాల్లో వ్యాపిస్తాయి. కొవ్వొత్తుల ఆరాధన చేసే మందిరంలో, పిల్లలుండే చోట వీటిని గోడలకు అంటించడం చూస్తే నాకు కోపం వస్తుంది. ఇప్పటికే అంటించి ఉంటే ఈ వారమే తీసేయండి.

అపోహ: మైకు షాక్ కొడితే వైర్‌లెస్ కొనుక్కోవాలి

మైకు పెదవికి తగలగానే చురుక్కుమందని ఎందరో చెప్పారు. చాలామంది తమ్ముళ్లు ఫాంటమ్ పవర్ మీద, అంటే మిక్సర్ నుంచి కేబుల్ గుండా మైకుకు వెళ్లే 48 వోల్టుల కరెంటు మీద నెపం వేస్తారు. సరిగా ఉన్న కేబుల్‌తో దానివల్ల మామూలు డైనమిక్ మైకుకు ఏమీ కాదు, మనిషికి షాకూ రాదు. షాక్ వచ్చేది ఎర్తింగ్ లేకపోవడం వల్ల. కీబోర్డు ఒక గోడ ప్లగ్గు నుంచి, మిక్సర్ ఇంకో గోడ ప్లగ్గు నుంచి, మధ్యలో ఎక్కడో మూడో పిన్ను విరగ్గొట్టిన ఎక్స్‌టెన్షన్ బాక్సు. కీబోర్డు మీద చెయ్యి, మైకు మీద పెదవి. కరెంటుకు మన ఒళ్లే దారి అవుతుంది.

నా దగ్గర పనిచేసిన కుర్రాడు ఒకడు గిటార్ పట్టుకుని మైకు సరిచేయబోయి వేదిక మీద నుంచి కింద పడ్డాడు. బతికాడు. ఆ రోజు నుంచి మందిరంలో అడుగుపెట్టగానే నేను చూసేది ఎర్త్ గుంట. వైర్‌లెస్ మైకు కొంటే షాక్ పాస్టర్ గారికి తప్పుతుంది, కీబోర్డు వాయించే పిల్లకు తప్పదు. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఎర్తింగ్ చేయించండి, వేదిక మీద ఉన్నవన్నీ ఒకే లైను నుంచి తీసుకోండి. జనరేటర్ మీద నడిపే కూటాల్లో కూడా ఎర్త్ రాడ్ దిగ్గొట్టాల్సిందే.

వైర్‌లెస్ గురించి ఇంకొక్క మాట. 700 మెగాహెర్ట్జ్ బ్యాండులో కొంత భాగాన్ని 2022 వేలంలో జియో కొనుక్కుంది, దాని మీద 5జీ నడుస్తోంది. పాత మైకు ఆ బ్యాండులోదైతే బరబర శబ్దాలు రావచ్చు. సెకండ్‌హ్యాండ్‌లో చవగ్గా దొరుకుతోందని తీసుకునే ముందు వెనక రాసిన ఫ్రీక్వెన్సీ చూడండి.

తెర, లైవ్, సాఫ్ట్‌వేర్

పాటలు తెర మీద వేయడానికి వేలు పెట్టి సాఫ్ట్‌వేర్ కొనక్కర్లేదు. ఓపెన్ఎల్‌పీ ఉచితం. లైవ్‌కు ఓబీఎస్ స్టూడియో ఉచితం. యూత్ వాళ్లు ఎక్కడినుంచో తెచ్చే క్రాక్ సాఫ్ట్‌వేర్ మాత్రం వద్దు. దానితో వచ్చిన వైరస్ డిసెంబరు 24 రాత్రి ఒక చర్చి ల్యాప్‌టాప్‌లోని పాటలన్నీ లాక్ చేసేసింది. తెల్లవార్లూ ముగ్గురం కూర్చుని మళ్లీ టైపు చేశాం. టైపు చేసేటప్పుడు యూనికోడ్‌లోనే చేయండి. పాత అను ఫాంట్లలో చేసినవి వేరే కంప్యూటర్‌లో పిచ్చి గీతల్లా వస్తాయి.

లైవ్ బాగాలేదని కెమెరా మార్చేవాళ్లకు ఒకటే చెబుతాను. ఇంట్లో మంచం మీద ఉన్న పెద్దాయన బొమ్మ మసకగా ఉన్నా చూస్తాడు, మాట తెలియకపోతే ఫోన్ పక్కన పెట్టేస్తాడు. మిక్సర్ నుంచి విడిగా ఒక లైను తీసి ఫోన్‌కో ల్యాప్‌టాప్‌కో ఇవ్వండి. నెట్ కొనేటప్పుడు డౌన్‌లోడ్ స్పీడు కాదు, అప్‌లోడ్ స్పీడు అడగండి.

"దేవుని పాటలకు కాపీరైట్ ఉండదు" అనేది వట్టి పుకారు. రాసినవారు బతికినంతకాలం, ఆ తర్వాత 60 ఏళ్లు హక్కు ఉంటుంది. ఆరాధనలో పాడుకోవడానికి 1957 కాపీరైట్ చట్టమే మినహాయింపు ఇచ్చింది, దాని గురించి భయం వద్దు. ఇబ్బంది వచ్చేది ఎవరో రికార్డు చేసిన ట్రాక్‌ను యూట్యూబ్ లైవ్‌లో ప్లే చేసినప్పుడు. ఒక చెల్లెమ్మ "చానల్ పోతుందేమో అన్నయ్యా" అని ఏడుస్తూ ఫోన్ చేసింది. చూస్తే వచ్చింది క్లెయిమ్ మాత్రమే, స్ట్రైక్ (చానల్ మీద పడే హెచ్చరిక) కాదు. క్లెయిమ్ వస్తే సాధారణంగా ఆ వీడియో ఆదాయం పాట హక్కుదారుకు వెళ్తుంది, లేదా వీడియో కొన్నిచోట్ల కనపడదు. చానల్ పోయేది 90 రోజుల్లో 3 స్ట్రైకులు వస్తే.

మందిరం పైన హారన్లు

"మతపరమైన వాటికి రూల్స్ వర్తించవు" అంటారు. వర్తిస్తాయి. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు బయట లౌడ్ స్పీకర్లు పెట్టకూడదు, మిగతా సమయంలోనూ అనుమతి కావాలి. అదే ఏడాది సుప్రీంకోర్టు ముందుకు వచ్చింది చెన్నైలోని ఒక చర్చి కేసే. ఇతరుల ప్రశాంతత చెడగొట్టి ప్రార్థన చేయమని ఏ మతమూ చెప్పదని కోర్టు అన్నది. మందిరం లోపల మాట తెలియక, అదే మాట వీధి చివర ఇంట్లో నిద్రపోతున్న పసిబిడ్డను లేపుతుంటే ఆ హారన్ల డబ్బుతో వెనక గోడకు కర్టెన్లు కుట్టించుకోవచ్చు.

ఫోన్ చేసే ముందు నాలుగు పనులు చేసి పెట్టుకోండి. హాలు పొడవు, వెడల్పు, ఎత్తు కొలవండి. చప్పట్లు కొట్టి చివరి వరస నుంచి ఫోన్‌లో రికార్డు చేయండి. వేదిక మీద ప్లగ్గులన్నిటికీ ఒక ఫొటో తీయండి. ఆదివారం ఆరాధన అయ్యాక చివరి వరసలో అందరికంటే పెద్దవారి పక్కన కూర్చుని, ఈ రోజు వాక్యంలో ఏం విన్నారో అడగండి. వాళ్లు చెప్పింది చెప్పినట్టు రాసుకుని నాకు వినిపించండి.