ఎకరాల తగువులో కొలత మరిచిన చెరువు నీరు

తిరుపతి శివారు చెరువుల్లో నీరు చిక్కటి ఆకుపచ్చగా మారి, గట్టు వెంట దుర్వాసన లేచి, ఒక ఉదయం చేపలు వెల్లకిలా తేలినప్పుడల్లా రెండు మాటలు ఎదురెదురుగా నిలుస్తాయి. నమూనా పరీక్షలో కరిగిన ఆక్సిజన్ తగినంత ఉందని, ఎండాకాలంలో పాచి పట్టడం మామూలేనని అధికారులు అంటారు. ఆక్సిజన్ అంత బాగా ఉంటే చేపలు ఎందుకు చచ్చాయని గట్టు పక్క కాలనీల వాళ్లు అడుగుతారు. ఈ వేసవిలోనూ వాదన అక్కడికే వచ్చి ఆగింది. ఆ రెండు మాటలూ ఒకే రోజు నిజం కావచ్చు. అదెలాగో తెలియాలంటే చెరువును మనం ఇన్నాళ్లూ ఏ కొలబద్దతో చూశామో తెలియాలి.

చెరువుల పుట్టుక గురించి ఇక్కడ చెప్పనక్కర్లేదు. కొండ పాదాన పడ్డ వాన ఒక చెరువు మరవ (అలుగు) దాటి మరో చెరువుకు ఎలా చేరేదో ఈ ప్రాంతంలో బడిపిల్లలకూ తెలుసు. కొర్లగుంట, తాతయ్యగుంట, కొరమేనుగుంట అన్న పేర్లున్న వీధుల్లో తిరిగేవాళ్లకు గుంటలు ఎలా మాయమయ్యాయో ఒకరు చెప్పాల్సిన పని లేదు. ఇప్పటి వివాదానికి అక్కరకొచ్చే చరిత్ర 1991లో మొదలవుతుంది.

ఆ ఏడాది మార్చి 15న రెవెన్యూ శాఖ ఇచ్చిన 181వ నంబరు జీవో, పేరూరు చెరువు భూమిని ఇళ్ల కోసం తిరుమల తిరుపతి దేవస్థానానికి అప్పగించింది. 1994 జనవరి 28 నాటి 84వ నంబరు జీవో అవిలాల చెరువు భూమిని తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థ తుడాకు, హౌసింగ్ బోర్డుకు మళ్లించింది. ఇంటలెక్చువల్స్ ఫోరం అనే తిరుపతి సంస్థ దీనిపై హైకోర్టుకు వెళ్లి, అక్కడ ఓడి, సుప్రీంకోర్టు తలుపు తట్టింది. 2006 ఫిబ్రవరి 23న జస్టిస్ రుమా పాల్, జస్టిస్ ఏఆర్ లక్ష్మణన్‌ల ధర్మాసనం ఇచ్చిన తీర్పు, చెరువుల వంటి ప్రకృతి వనరులకు ప్రభుత్వం ధర్మకర్త మాత్రమేనన్న సూత్రాన్ని బలంగా నిలబెట్టింది. దేశంలో ఎక్కడ చెరువు కబ్జా కేసు నడిచినా న్యాయవాదులు నేటికీ ఆ తీర్పును ఉదహరిస్తారు. తిరుపతి వాసులు గర్వపడవలసిన తీర్పే అది. అయినా ఇవాళ్టి పచ్చనీటి తగువుకు మలుపు కూడా అక్కడే ఉందని నాకు అనిపిస్తుంది.

ఆదేశాలను ఒకసారి చూడండి. పేరూరులో ఊటచెరువుకు కేటాయించిన స్థలాన్ని కనీసం 50 ఎకరాలకు పెంచాలి. అవిలాలలో ప్రభుత్వానికి మిగిలిన 40 ఎకరాల నేలను కాంక్రీటుతో కప్పకూడదు. రెండు చోట్లా కొత్త కట్టడాలు కట్టకూడదు, బోర్లు వేయకూడదు. కట్టిన ప్రతి ఇంటిమీదా పడే వాననీటిని భూమిలోకి ఇంకించాలి. భూగర్భ జలం ఎంత పెరిగిందో చూడడానికి పీజోమీటర్లు (నీటిమట్టం కొలిచే గొట్టాలు) పెట్టాలి. ఇవన్నీ అవసరమైనవే. కానీ ఇందులో ఉన్న కొలతలన్నీ ఎకరాలవి, మీటర్లవి. చెరువు ఎంత మిగిలింది, నీరు ఎంత లోతున ఉంది అన్నవే ప్రశ్నలు. ఆ నీరు ఎలాంటిది అన్న ప్రశ్న కోర్టు ముందు లేదు, కాబట్టి జవాబులోనూ లేదు. అప్పటినుంచి ఇక్కడి చెరువు ఉద్యమాలన్నీ సర్వే నంబర్ల చుట్టూ, ఎఫ్‌టీఎల్ (చెరువు నిండినప్పుడు నీరు నిలిచే హద్దు) రాళ్ల చుట్టూ తిరిగాయి. 2021 నవంబరు వానలకు రాయలచెరువు కట్ట లీకై కింది ఊళ్లను ఖాళీ చేయించిన రోజుల్లో కూడా చెరువు అంటే అందరికీ కట్టే గుర్తొచ్చింది.

నీటి సంగతి వేరు. ఆయకట్టు ఉన్న రోజుల్లో చెరువు నీటిని ఎవరూ ప్రయోగశాలకు పంపలేదు, పంపవలసిన అవసరమూ రాలేదు. నీళ్లు పంచే నీరుగంటి తూము తీసేవాడు, నీరు పైరుకు పారేది, వేసవికి చెరువు అడుగు పగుళ్లు బారేది. అప్పుడు రైతులు బండ్లు కట్టి ఒండ్రు తోలుకునేవారు. అది ఎరువు కోసం చేసిన పని. అయితే ఏటా చెరువులో చేరిన భాస్వరంలో మంచి భాగం ఆ ఒండ్రుతో పాటే పొలానికి వెళ్లిపోయేది. ఆయకట్టు లేఔట్లుగా మారాక తూము తీసే చేయి లేదు, ఒండ్రు అడిగే పొలం లేదు. వానాకాలంలో మాత్రమే వచ్చే వంక నీటికి బదులు ఏడాది పొడవునా కాలనీల మురుగు వస్తోంది. వేసవిలోనూ చెరువు నిండుగా కనిపిస్తుంది. ఆ నిండుదనాన్ని చూసి మురిసిపోయిన వాళ్లలో నడకదారులు, ఫౌంటెన్లు వేయించిన వాళ్లే కాదు, చెరువును కాపాడామని సంతోషించిన ఉద్యమకారులు కూడా ఉన్నారు. ఒకప్పుడు ఎండి కోలుకునే చెరువు ఇప్పుడు ఎండడం లేదు, కోలుకోవడమూ లేదు.

పాచికి భాస్వరమే మూలమని తేలి యాభై ఏళ్లు దాటింది. 1973లో కెనడాలోని ఒక చిన్న సరస్సుకు మధ్యలో తెర కట్టి, రెండు సగాల్లోనూ కార్బన్, నత్రజని కలిపి, ఒక సగంలో మాత్రం భాస్వరాన్ని కూడా కలిపారు. భాస్వరం కలిపిన సగమే పచ్చబడింది. ఆకాశం నుంచి తీసిన ఆ ఫొటో తర్వాత వాదనకు పెద్దగా చోటు మిగలలేదు. మన జల కాలుష్య నివారణ చట్టం వచ్చింది ఆ మరుసటి ఏడాదే, 1974లో.

ఈ లెక్క మనకూ వర్తిస్తుందా అని అడిగేవాళ్ల కోసం చిన్న గుణకారం. డీఏపీ బస్తా కొన్న రైతుకు భాస్వరం ఎంత ఖరీదో తెలుసు. మనిషి రోజుకు ఒకటి రెండు గ్రాముల భాస్వరాన్ని ఊరికే విసర్జిస్తాడు. 25 ఎకరాల చెరువులో సగటున మీటరు లోతు నీరుంటే అది సుమారు లక్ష ఘనపు మీటర్లు. వెయ్యి మంది ఉన్న ఒక కాలనీ మురుగు నేరుగా అందులో కలిస్తే, తక్కువలో తక్కువ లెక్క వేసుకున్నా, రోజుకు ఒక కిలో భాస్వరం చేరుతుంది. అంటే లీటరుకు 10 మైక్రోగ్రాముల చొప్పున పెరుగుదల. లీటరుకు 35 మైక్రోగ్రాములు దాటిన సరస్సును పోషకాలు మితిమీరిన సరస్సుగా ఓఈసీడీ అనే అంతర్జాతీయ సంస్థ 1982లో వర్గీకరించింది. కొంత అడుగుకు చేరినా, కొంత మొక్కలు పీల్చుకున్నా, ఆ గీతను దాటడానికి ఒక వారం కూడా పట్టదు. మన శివారు చెరువుల్లోకి మురుగు పంపుతున్నది ఒక్క కాలనీ కాదు.

ఇక పరీక్షల సంగతి. అధికారుల మాటలో అబద్ధం లేదు. వాళ్లు చూసే పట్టిక అలాంటిది. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి నీటిని వాడుకను బట్టి ఎ నుంచి ఇ వరకు ఐదు తరగతులుగా విభజించింది. స్నానానికి పనికొచ్చే బి తరగతికి కోలిఫాం బ్యాక్టీరియా, పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార గుణాల కొలత), కరిగిన ఆక్సిజన్, బీఓడీ (మలినాలను కుళ్లబెట్టడానికి సూక్ష్మజీవులు వాడుకునే ఆక్సిజన్) చూస్తారు. చేపలకు పనికొచ్చే డి తరగతికి పీహెచ్, లీటరుకు కనీసం 4 మిల్లీగ్రాముల ఆక్సిజన్, 1.2 మిల్లీగ్రాములు మించని అమ్మోనియా ఉంటే చాలు. సాగుకు పనికొచ్చే ఇ తరగతికి పీహెచ్, విద్యుత్ వాహకత, సోడియం నిష్పత్తి, బోరాన్ చూస్తారు. ఏ తరగతిలోనూ భాస్వరం లేదు. పాచి ఎంత ఉందో చెప్పే క్లోరోఫిల్ లేదు. రెవెన్యూ దస్త్రంలో సాగునీటి చెరువుగా నమోదై, ఎకరం ఆయకట్టు కూడా మిగలని చెరువును ఇ తరగతి కింద చూస్తే, దాని ముఖం ఎంత పచ్చగా ఉన్నా పరీక్షలో నెగ్గే అవకాశం ఉంది. అక్కడ పచ్చదనాన్ని పట్టించగలిగేది ఒక్క పీహెచ్ మాత్రమే, అదీ సరైన గంటకు చూస్తేనే.

గంట అన్న ఈ చిన్న విషయమే తగువంతటికీ కీలకం. పాచి దట్టంగా ఉన్న చెరువులో ఎండ ఎక్కేకొద్దీ కిరణజన్య సంయోగక్రియ వల్ల ఆక్సిజన్ పెరుగుతూ పోయి, మధ్యాహ్నానికి నీరు మామూలుగా పట్టగలిగే మేరను కూడా దాటుతుంది. అదే సమయంలో నీటిలోని కార్బన్ డయాక్సైడ్ ఖర్చయిపోయి పీహెచ్ పట్టికలోని హద్దు దాటి 9 వైపు, ఒక్కోసారి ఇంకా పైకి పాకుతుంది. పొద్దు గూకాక ఆ పాచే ఆక్సిజన్‌ను పీల్చడం మొదలుపెడుతుంది. అడుగు బురదలోని సూక్ష్మజీవులు తమ వంతు తీసుకుంటాయి. తెల్లవారుజామునకు ఆక్సిజన్ దాదాపు అడుగంటుతుంది, పీహెచ్ మళ్లీ మామూలుకు వస్తుంది. కాబట్టి వేకువన తీసిన నమూనా పీహెచ్‌లో నెగ్గి ఆక్సిజన్‌లో ఓడుతుంది, మధ్యాహ్నం తీసినది ఆక్సిజన్‌లో నెగ్గి పీహెచ్‌లో ఓడుతుంది. ఆఫీసు వేళల్లో నమూనా తీసి, నివేదికలోంచి ఆక్సిజన్ అంకె ఒక్కటే చదివి వినిపిస్తే, జబ్బు ముదిరిన చెరువే ఆరోగ్యవంతంగా కనిపిస్తుంది. చేపలు ఊపిరాడక నీటి పైకి వచ్చి నోళ్లు తెరిచేది వేకువన. గట్టు మీద నడకకు వెళ్లేవాళ్లు అది కళ్లారా చూస్తారు. నమూనా సీసా చూడదు.

బీఓడీ అంకె కూడా తగువు తీర్చదు. ఆ పరీక్షలో నీటిని చీకట్లో ఉంచి ఆక్సిజన్ ఎంత తగ్గిందో చూస్తారు. సీసాలో ఉన్న పాచి కూడా ఆ ఆక్సిజన్‌ను తింటుంది. అందువల్ల అంకె పెరిగినప్పుడు అది బయటినుంచి వచ్చిన మురుగు వల్లనా, చెరువులోనే పుట్టిన పాచి వల్లనా అన్నది తేలదు. పాచి సహజం అనేవాళ్లకూ, మురుగే కారణం అనేవాళ్లకూ ఒకే అంకె ఆయుధంగా పనికొస్తుంది. నమూనా తీసిన చోటు మరో చిక్కు. మైక్రోసిస్టిస్ వంటి నీలి ఆకుపచ్చ శైవలాలు తమలోని గాలి సంచుల సాయంతో తేలి, గాలి తోసిన వైపు గట్టుకు రంగు పోసినట్టుగా పేరుకుంటాయి. ఎనుములు నీళ్లు తాగేదీ, పిల్లలు కాళ్లు కడుక్కునేదీ ఆ గట్టునే. వీటిలో కొన్ని విడుదల చేసే మైక్రోసిస్టిన్ కాలేయాన్ని దెబ్బతీస్తుంది. కాచినా అది పోదు. తాగునీటిలో దానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ 1998లోనే లీటరుకు ఒక మైక్రోగ్రామును హద్దుగా సూచించింది.

మురుగు శుద్ధి కేంద్రం గుండా వచ్చిన నీటినే వదిలితే సరిపోతుందన్నది అధికారుల మరో జవాబు. 2017 అక్టోబరులో కేంద్రం మురుగు శుద్ధి కేంద్రాలకు ఇచ్చిన ప్రమాణాల్లో పీహెచ్, బీఓడీ, తేలియాడే ఘనపదార్థాలు, మల కోలిఫాం మాత్రమే ఉన్నాయి. వాటన్నిటిలో నెగ్గిన తేటనీరు కూడా చెరువుకు పూర్తి స్థాయి ఎరువే. 2019 ఏప్రిల్ 30న జాతీయ హరిత ట్రైబ్యునల్ ఇచ్చిన కఠినతర ప్రమాణాల్లో చెరువుల్లోకి, సరస్సుల్లోకి వదిలే నీటికి లీటరుకు ఒక మిల్లీగ్రాము భాస్వరం హద్దు చేరింది. ముందడుగే, కాదనలేం. అయితే ఒక మిల్లీగ్రాము అంటే వెయ్యి మైక్రోగ్రాములు. 35 దగ్గర మొదలయ్యే రోగానికి ఆ నీరు వైద్యం చేయలేదు.

ఫౌంటెన్ల గురించి ఒక మాట. అవి రాత్రి కూడా నడిస్తే చుట్టుపక్కల నీటికి కాస్త ఊపిరి అందుతుంది. భాస్వరాన్ని మాత్రం ఒక్క గ్రాము కూడా బయటికి తీయలేవు. పైగా మురుగును పూర్తిగా ఆపినా పాచి వెంటనే పోదు. అడుగు బురదలో ఇనుముతో కట్టుబడి ఉన్న భాస్వరం, అక్కడ ఆక్సిజన్ లేని రాత్రుల్లో విడివడి మళ్లీ నీటిలోకి వస్తుంది. స్వీడన్‌లోని ట్రుమ్మెన్ అనే చిన్న సరస్సులోకి మురుగు రాకుండా 1950ల చివర్లోనే ఆపారు. పదేళ్లు గడిచినా అది కోలుకోలేదు. 1970, 1971ల్లో అడుగు బురదను పొరలుగా తోడి తీసేశాకే నీరు తేటపడింది. మన రైతులు బండ్లతో ఏటా చేసిన పని అదే. 2015 తర్వాత నీరు–చెట్టు కింద మన జిల్లాల్లోనూ పూడిక తీశారు, కానీ అక్కడా లెక్క ఘనపు మీటర్లలోనే సాగింది. తీసిన మట్టిలో ఏముందన్నది ఆ లెక్కలోకి రాలేదు.

కాలనీల వాళ్లు అడుగుతున్నది ఖరీదైన యంత్రాలను కాదు. సెక్కీ పళ్లెం అని 20 సెంటీమీటర్ల నలుపు తెలుపు బిళ్ల ఒకటి ఉంది. దాన్ని తాడుకు కట్టి నీటిలోకి దించి, ఎంత లోతున కనుమరుగైందో రాసుకుంటారు. 1865 నుంచి వాడుకలో ఉన్న పద్ధతి ఇది, ఏ కళాశాల విద్యార్థి అయినా వారానికొకసారి చేయగలడు. దానికి తోడు నెలకొకసారి మొత్తం భాస్వరం, క్లోరోఫిల్ పరీక్షలు చేయించాలని, ఫలితాలను గట్టు మీద బోర్డులో పెట్టాలని కోరుతున్నారు. అంతకంటే ముందు, ఈసారి నమూనాలను రెండుసార్లు తీయాలన్నది వాళ్ల పట్టు. వేకువన ఐదింటికి ఒకటి, మధ్యాహ్నం మూడింటికి ఒకటి, గాలి తోసిన గట్టు దగ్గర ఒకే చోట తీసి, ప్రతి సీసా మీదా తేదీతో పాటు గంట కూడా రాయమంటున్నారు.