నంది కింద గొయ్యి: గుప్తనిధుల సినిమాల వెనక, ముందు

పాలమూరు, నల్లగొండ జిల్లా పేజీల్లో మళ్లీ మళ్లీ కనిపించే వార్త ఒకటుంది. ఊరికి దూరంగా గుట్ట మీదో చెరువు కట్ట కిందో పాత శివాలయం. పొద్దున మేకలు తోలుకుపోయినవాళ్లు చూసేసరికి నంది పక్కకు దొర్లి ఉంటుంది. దాని కింద మనిషి లోతు గొయ్యి, అంచున పసుపు కుంకుమ, కోసిన నిమ్మకాయలు, కోడి ఈకలు. నంది పొట్టలో వజ్రాలు దాచేవారన్న నమ్మకంతో ఒక్కోసారి ఆ పొట్టనే పగలగొడతారు. ఊరివాళ్ల ఫిర్యాదు, పోలీసుల పంచనామా, మర్నాడు పేపర్లో నాలుగు లైన్లు. ఏమైనా దొరికిందా అంటే, చాలాసార్లు పగిలిన రాయి తప్ప మిగిలిందేమీ ఉండదు.

ఇలాంటిది జరిగినప్పుడల్లా "సినిమాలు చూసి చెడిపోతున్నరు" అనే మాట వినిపిస్తుంది. ఆ మాటలో వరస తిరగబడింది. నిధి, దానికి కాపలాగా పామో భూతమో, కట్టు విప్పడానికి మంత్రం, మంత్రానికి బలి... ఈ సరుకంతా తెలుగు సినిమా మన కథల నుంచి అరువు తెచ్చుకున్నదే. 1951లో వచ్చిన 'పాతాళభైరవి'కి మూలం మధిర సుబ్బన్న దీక్షితుల కాశీమజిలీ కథలు. అందులో ఎస్వీ రంగారావు వేసిన నేపాళ మాంత్రికుడికి కోరింది ఇచ్చే ప్రతిమ కావాలి. అది దక్కాలంటే సాహసవంతుడైన యువకుణ్ణి అమ్మవారికి బలివ్వాలి. తోటరాముడు ఎదురు తిరిగి మాంత్రికుణ్ణే బలిస్తాడు, జనం చప్పట్లు కొడతారు. బలి ఇస్తే ఫలితం ఉంటుందన్న లెక్క మాత్రం కథలో చెక్కుచెదరదు. అంజనం వేస్తే లంకెబిందెలు కనిపిస్తాయని, కాళ్లు ముందుగా పుట్టినవాడికి భూమిలో దాచింది తెలుస్తుందని చెప్పుకోవడం ఆ సినిమాకన్నా ఎంతో పాతది.

హాలీవుడ్ దారి వేరు. అక్కడి నిధివేటగాడు వలసపాలన కాలంలో పుట్టాడు. చేతిలో పాత పటం, నడుముకు తుపాకి, ఎవరిదో దేశం. 1885లో రైడర్ హేగార్డ్ రాసిన 'కింగ్ సాలమన్స్ మైన్స్' ఆ మూసకు అచ్చు పోసింది. 1930లు, 40లలో వారం వారం నడిచిన సాహస సీరియళ్ల మీద మోజుతో జార్జ్ లూకస్, స్టీవెన్ స్పీల్‌బర్గ్ 1981లో 'రైడర్స్ ఆఫ్ ది లాస్ట్ ఆర్క్' తీశారు. హీరో పురావస్తు ప్రొఫెసరే గానీ, కొలతలూ నోట్సూ ఏమీ లేకుండా బంగారు బొమ్మ ఎత్తుకుని పరిగెత్తడంతోనే మొదలవుతాడు. 1984లో వచ్చిన రెండో భాగం కథ మన దేశంలోనే నడుస్తుంది. గ్రామ దేవతలాంటి పవిత్ర శిల, దాన్ని ఎత్తుకుపోయిన నరబలి ముఠా, ముఠా నాయకుడిగా అమ్రీష్ పురి. స్క్రిప్టు మీద పేచీతో మన ప్రభుత్వం అనుమతి ఇవ్వకపోతే షూటింగ్ శ్రీలంకలోని క్యాండీకి మారింది. మన మాంత్రికుడు ఆ దారిన అమెరికా కూడా వెళ్లొచ్చాడన్నమాట.

తెలుగువాళ్లకు నిధి పటం రుచి చూపించింది మాత్రం 1969 నాటి 'మెకన్నాస్ గోల్డ్'. మన దేశంలో అది విరగబడి ఆడింది. రెండేళ్లకే, 1971లో, కృష్ణ హీరోగా కె.ఎస్.ఆర్. దాస్ 'మోసగాళ్లకు మోసగాడు' తీశాడు. గుర్రాలు, టోపీలు, నిధి వేట. 2002లో మహేశ్‌బాబు 'టక్కరి దొంగ' అదే బాట. ఆ తర్వాత గాలి మళ్లింది. 2004లో 'అంజి'లో వెతికేది ఆత్మలింగం, 2022లో 'కార్తికేయ 2'లో శ్రీకృష్ణుడి కాలి కడియం. బంగారం వెనక్కి జరిగి దైవ వస్తువు ముందుకొచ్చింది. ఆశతో తవ్వేవాడు విలన్, భక్తితోనో లోకహితం కోసమో వెతికేవాడు హీరో. నాకు ఇబ్బందిగా తోచేది ఈ మలుపే. గుప్తనిధుల కోసం గుడి దగ్గర గొయ్యి తీసేవాడు కూడా ముందు పూజ చేసే గడ్డపార పడతాడు.

అయినా మన దగ్గర ఈ నమ్మకానికి నేల ఊరికే దొరకలేదు. నల్లగొండ జిల్లా అక్కెనపల్లిలో ఒక్కచోటే పదిహేను వందలకు పైగా రోమన్ వెండి నాణేలు బయటపడ్డాయి. కృష్ణా లోయ గుండా సాగిన వ్యాపారానికి అది ఆనవాలు. బ్యాంకులు లేని రోజుల్లో భూమే పెట్టె. నల్లగొండ పక్కన పానగల్లులో, ఈ ప్రాంతాన్ని ఏలిన కందూరు చోడుల కాలం నాటి పచ్చల సోమేశ్వరాలయానికి ఆ పేరు లింగం మీద పొదిగిన పచ్చ వల్ల వచ్చిందని చెప్పుకుంటారు. దేవరకొండ, రాచకొండ కోటల్లో పద్మనాయకులు, గద్వాల, వనపర్తి, కొల్లాపూర్‌లలో సంస్థానాధీశులు... అంత సొమ్ము ఎక్కడికి పోయిందన్న ప్రశ్న ఎప్పుడూ ఉంటుంది. 1946–48 సాయుధ పోరాటపు గడబిడలో దేశ్‌ముఖులు చాలామంది గడీలు వదిలి పట్నం చేరారు. పోతూ పోతూ హాలీ సిక్కాలు, అంటే నిజాం రూపాయలు, పాతిపెట్టి పోయారన్న కథ లేని గడీ అరుదు.

అన్నిటికన్నా బలమైన కారణం గుడి కట్టే పద్ధతిలోనే ఉంది. విగ్రహం నిలిపే చోట పీఠం కింద నవధాన్యాలు, లోహపు రేకులు, రత్నాల ముక్కలు ఉంచడం ఆచారం. ఇప్పటికీ ఊళ్లో కొత్త గుడి ప్రతిష్ఠ జరిగితే ఆడవాళ్లు వరసకట్టి ఆ గుంతలో రూపాయి బిళ్లలు, వెండి పూలు, ఉన్నవాళ్లయితే ముక్కుపుడక వేసి దండం పెట్టుకుంటారు. అది చూసిన పిల్లవాడికి దేవుడి కింద బంగారం ఉంటుందని ఎవరూ విడిగా చెప్పక్కర్లేదు. ఉండేది గుప్పెడని మాత్రం ఎవరూ చెప్పరు.

నిజమైన పవిత్ర అవశేషం కూడా మన ఏటి గట్టునే దొరికింది. నల్లగొండకు ఎదురుగా, కృష్ణకు అవతల, నాగార్జునకొండ మహాచైత్యంలో (పెద్ద బౌద్ధ స్తూపంలో) 1929లో పురావస్తు అధికారి లాంగ్‌హర్స్ట్‌కు చిన్న బంగారు భరిణె కనిపించింది. అందులో బుద్ధుడిదిగా భావించే ఒక ఎముక ముక్క. తర్వాత దాన్ని సారనాథ్‌లోని మూలగంధకుటి విహారానికి ఇచ్చారు. నాగార్జునసాగర్ ప్రాజెక్టుకు 1955లో శంకుస్థాపన జరిగింది. లోయ మునిగేలోపు ఏళ్ల తరబడి తవ్వి రాసుకున్నారు. ఇవతల ఏలేశ్వరంలోనూ తవ్వకాలు జరిగాయి. శ్రీశైలం జలాశయం నిండేముందు కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయికి నంబరు వేసి విప్పి, అలంపూర్‌లో మళ్లీ నిలబెట్టారు. ఇంతకన్నా సాహసం ఏ తెర మీదా చూడలేదు, కాకపోతే దీన్ని సినిమా తీస్తే టికెట్లు తెగవు.

ఇక ఫణిగిరి సంగతి. ఇప్పటి సూర్యాపేట జిల్లాలోని ఈ బౌద్ధ క్షేత్రంలో 2024 మార్చిలో రాష్ట్ర వారసత్వ శాఖ తవ్వకాల్లో, రెండడుగుల లోతున, మూత పెట్టిన మట్టికుండ బయటపడింది. అచ్చం కథల్లోలాగే. లోపల 3,730 నాణేలు, అన్నీ సీసం. ఒకవైపు ఏనుగు, ఇంకోవైపు ఉజ్జయిని గుర్తు (కూడిక గుర్తు కొనలకు నాలుగు వృత్తాలు). శాతవాహనుల తర్వాత కృష్ణా లోయను ఏలిన ఇక్ష్వాకుల కాలానివి. కరిగించి అమ్మితే ఎందుకూ కొరగావు. ఏ పొరలో, ఏ గోడ పక్కన, వేటితోపాటు దొరికాయో రాసిపెట్టారు కాబట్టి వాటికి విలువ. రాత్రిపూట గడ్డపారతో ఎవరైనా ఆ కుండే తీసి ఉంటే, తిట్టుకుంటూ అక్కడే పారబోసి పోయేవాళ్లు.

2011లో తిరువనంతపురం పద్మనాభస్వామి గుడి నేలమాళిగల్లో సంపద బయటపడిందన్న వార్త ఈ ఆశకు ఊపిరి పోసింది. 2013లో ఒక సాధువు కల ఆధారంగా ఉత్తరప్రదేశ్‌లోని ఉన్నావ్ దగ్గర కేంద్ర పురావస్తు శాఖ తవ్వింది, బంగారం లేదు. 2017లో పక్కనే కర్నూలు జిల్లా చెన్నంపల్లి కోటలో ప్రభుత్వ అనుమతితోనే తవ్వకాలు మొదలయ్యాయి. సర్కారే గడ్డపార పట్టాక ఊరివాడికి నీతి చెప్పడం కష్టం.

ఈ ఆశను పిండుకునేవాళ్లు వేరే ఉన్నారు. స్కానింగ్ మిషన్లు, బియ్యాన్ని లాగే రైస్ పుల్లింగ్ చెంబులు, రెండు తలల పాములు... అన్నీ ఈ సంతలోవే. 2023 డిసెంబరులో నాగర్‌కర్నూల్ ప్రాంతంలో పోలీసులు ఒకణ్ణి అరెస్టు చేసి, నిధులు తీస్తానని నమ్మించి ఆస్తులు రాయించుకుని 11 మందిని చంపాడని ప్రకటించారు. తోటరాముడు లేని పాతాళభైరవి అది.

చట్టాల విషయానికొస్తే, బ్రిటిష్ ఇండియాలో 1878 నుంచే నిధుల చట్టం ఉంది. పది రూపాయల విలువ దాటినది భూమిలో దొరికితే కలెక్టరుకు చెప్పాలి. నిజాం సర్కారు తన రాజ్యానికి విడిగా చేసుకుంది. 1972 చట్టం పురావస్తువుల ఎగుమతిని కట్టడి చేసింది. పురాతన కట్టడాల రక్షణకు చేసిన 1958 చట్టానికి 2010లో చేసిన సవరణతో, రక్షిత కట్టడాన్ని పాడుచేస్తే రెండేళ్ల దాకా జైలు. అయితే ఇది వర్తించేది రక్షిత జాబితాలో ఉన్నవాటికే. అలంపూర్ నవబ్రహ్మ ఆలయాలకు కాపలా ఉంటుంది. మన ఊరి చివర పేరు లేని శివాలయం ఏ జాబితాలోనూ ఉండదు. అక్కడ నంది పగిలితే కేసు మామూలు ఆస్తి నష్టం కిందకో అక్రమ ప్రవేశం కిందకో పోతుంది, పగిలింది ఏ కాలం నాటి శిల్పమో పంచనామాలో రాసేవాళ్లు ఉండరు.