నల్ల సినిమాకు నిండు వెలుగు: ఫిల్మ్ నువార్ ప్రదర్శనపై అపోహలు - వాస్తవాలు

1940లు, 50లలో హాలీవుడ్ తీసిన నేరచిత్రాలను అప్పట్లో అక్కడ మెలోడ్రామాలనే అనేవారు. వాటికి ‘ఫిల్మ్ నువార్’ (ఫ్రెంచిలో నల్ల సినిమా) అన్నది 1946లో ఫ్రెంచి విమర్శకుడు నీనో ఫ్రాంక్ వాడిన మాట. శాన్‌ఫ్రాన్సిస్కోలోని రాక్సీ లాంటి పేట థియేటర్లలో ఇవి ఇంకా ఆడుతూనే ఉంటాయి. వీటిని వేసేవాళ్లలోనూ చూసేవాళ్లలోనూ కొన్ని అపోహలు పాతుకుపోయాయి.

అపోహ: చీకటి సినిమా కదా, ప్రొజెక్టర్ లైటు కాస్త తగ్గిస్తే మూడ్ వస్తుంది.

వాస్తవం: రాదు, బొమ్మ చస్తుంది. కిటికీ పట్టీల నీడలు మొహమ్మీద చారలుగా పడే షాట్ తీసుకోండి. లైటు తగ్గితే తెల్లచార బూడిదరంగుకు దిగుతుంది. హాల్లో అటూ ఇటూ నుంచి తెరమీద పడే దొంగ వెలుతురు మాత్రం తగ్గదు కాబట్టి నలుపు ఉన్నచోటే ఉంటుంది. రెంటికీ తేడా పోయి మొహమూ గోడా ఒకటైపోతాయి. ఫిలిం ప్రొజెక్టర్‌కి ప్రమాణం, గేటులో (ల్యాంపు ముందు ఫిలిం నడిచే చోట) ఫిలిం లేకుండా తెర మధ్యలో 16 ఫుట్ లాంబర్ట్‌లు (తెర వెలుగుకి కొలత). డిజిటల్‌కి 14.

పట్టుకోవాల్సింది ఆ దొంగ వెలుతురునే. ల్యాంపు ముందు షట్టర్ మూసి, హాలు లైట్లన్నీ ఆర్పి, పది నిమిషాలు కళ్లు అలవాటు పడనివ్వండి. తర్వాత తెర దగ్గర చెయ్యి అడ్డం పెట్టండి. నీడ పడిందంటే ఎక్కడినుంచో వెలుగు వస్తోంది, నీడకి ఎదురు దిక్కున వెతకండి. సాధారణంగా మెట్ల లైటో, సందున్న తలుపో, క్యాబిన్ అద్దమో దొరుకుతుంది. ఎగ్జిట్ బోర్డు ఆర్పడానికి చట్టం ఒప్పుకోదు గానీ దాని వెలుగు తెరవైపు పోకుండా చిన్న రేకు బిగించుకోవచ్చు. తెర పక్క గోడలు లేతరంగువైతే బొమ్మ వెలుగే తిరిగొచ్చి నలుపు మీద పడుతుంది. అక్కడ మెరుపులేని నల్లరంగు వేయాల్సిందే.

అపోహ: తెర నిండా బొమ్మ లేకపోతే ప్రేక్షకుడు ఒప్పుకోడు.

వాస్తవం: 1953కి ముందు తీసినవాటి వెడల్పు ఎత్తుల నిష్పత్తి 1.37:1. వెడల్పు నింపాలని వెడల్పాటి బొమ్మలకి వాడే 1.85 ప్లేటు (గేటులో బొమ్మ హద్దుల్ని నిర్ణయించే రేకు) వేస్తే ఎత్తులో పావు వంతుకు పైగా తెగిపోతుంది. ముందు పోయేది టోపీ. నువార్‌లో టోపీ పోతే పాత్ర సగం పోయినట్టే. ఫిలింకి విడిగా 1.37 ప్లేటు, దానికి తగ్గ లెన్స్ కావాలి. తెర ఎత్తు మారకూడదంటే, 1.85కి 50 మి.మీ. లెన్స్ వాడేచోట దీనికి సుమారు 67 మి.మీ. పడుతుంది. డిజిటల్‌లో 1998 పిక్సెళ్ల వెడల్పులో బొమ్మ 1480 మాత్రమే. మిగతా రెండు పక్కలూ నలుపే అనుకుంటాం గానీ ప్రొజెక్టర్ నలుపు ముదురు బూడిదే. పక్కల నల్ల గుడ్డలు లోపలికి లాగితేనే అది కనపడకుండా పోతుంది.

అపోహ: పాత ప్రింటైనా కొత్త ప్రింటైనా ఎక్కించే పద్ధతి ఒకటే.

వాస్తవం: నలుపు తెలుపు ప్రింటులో బొమ్మ వెండితో ఏర్పడుతుంది. కలర్ ప్రింటులోని రంగులు ఇన్‌ఫ్రారెడ్ వేడిని చాలావరకు పోనిస్తాయి. వెండి దాన్ని పీల్చుకుంటుంది. గేటులో ఫిలిం ఉబ్బి ఫోకస్ జారుతుంది. అందుకని వెలుగు తగ్గించకండి, హీట్ ఫిల్టర్ సరిగా ఉందో లేదో చూడండి. ఆట మొదలైన కొన్ని నిమిషాలకి ఫోకస్ మళ్లీ సరిచేయండి.

పాత సినిమాలు భద్రపరిచే ఆర్కైవ్‌లు ఇచ్చే ప్రింటుని కోసి, అతికించి, ఒకే పెద్ద చుట్టగా వేస్తామంటే సాధారణంగా ఇవ్వరు. అందుకే రీలు మార్చి రీలు నడపడానికి రెండు ప్రొజెక్టర్లుండాలి. (మన టూరింగ్ టాకీసుల్లోలా రీలు రీలుకీ లైట్లు వేస్తే ఇక్కడ కుదరదు.) 2000 అడుగుల రీలు దాదాపు 22 నిమిషాలు నడుస్తుంది. చివర్లో కుడివైపు పై మూల చుక్క కనపడగానే రెండో ప్రొజెక్టర్ మోటారు వేయాలి, మరో 7 సెకన్లకి వచ్చే చుక్కకి బొమ్మని దానికి మార్చాలి. చుక్క ఉండేది నాలుగే ఫ్రేములు, అంటే సెకనులో ఆరో వంతు. ఆ చివరి నిమిషంలో ఆపరేటర్ ఫోను చూడకూడదు.

అపోహ: పాత సౌండు కదా, బుస తప్పదు.

వాస్తవం: సౌండు ప్రాసెసర్‌ని అకాడమీ మోనోకి (పాత సినిమాల ఒంటి ట్రాక్ సౌండుకి తగ్గ అమరికకి) మార్చి, తెర వెనకాల మధ్య స్పీకరుకే పంపండి. చాలావరకు పోతుంది.

అపోహ: కాపీరైట్ తీరిన సినిమాని ఎక్కడ దొరికితే అక్కడ దించుకుని వేసేయొచ్చు.

వాస్తవం: 1945 నాటి ‘డీటూర్’ అమెరికాలో అందరి సొత్తే. 68 నిమిషాల సినిమా. కానీ ఏళ్ల తరబడి తిరిగినవి కాపీకి కాపీలు. వాటిలో నీడల్లోని కోటు మడతలూ కారు లోపలా అంతా నల్లముద్ద. 2018లో అకాడమీ ఫిల్మ్ ఆర్కైవ్, ఫిల్మ్ ఫౌండేషన్ కలిసి పునరుద్ధరించిన కాపీ ఉంది. దానికి రుసుము కట్టి తెప్పించుకోండి. వచ్చాక ఆట రోజుదాకా ఆగకుండా, అన్నిటికంటే చీకటి సీను ఒకటి ముందురోజే వేసి, వెనక వరసలో కూర్చుని చూడండి.