రక్తమా, అలవాటా: క్యాన్సర్ కారణాలపై ఒక పాత తగాదా

క్యాన్సర్ అని తేలగానే చాలామంది నోట వచ్చే మాట, "మా వంశంలో ఎవరికీ లేదే, నాకెలా వచ్చింది?" పొగ మానమంటే వచ్చే జవాబు, "మా తాత జీవితాంతం తాగాడు, తొంభై ఏళ్లు బతికాడు." జబ్బంతా రక్తంలోనే ఉందని మొదటివారి నమ్మకం. అలవాట్లతో పోయేదేమీ లేదని రెండోవారి ధీమా. ఇవి పామరుల అపోహలని కొట్టిపారేయడం తేలికే గానీ, వైద్యశాస్త్రమే చాలాకాలం రక్తమా, అలవాటా అని రెండు పక్షాలుగా చీలిపోయి వాదులాడుకుంది.

అలవాట్లు, పరిసరాల పక్షం ముందు మొదలైంది. 1775లో లండన్ సర్జన్ పెర్సివాల్ పాట్, చిన్నతనం నుంచి పొగగొట్టాల్లోకి దూరి మసి దులిపినవారికి వృషణకోశం మీద క్యాన్సర్ రావడానికి ఆ మసే కారణమని రాశాడు. 1915లో జపాన్‌కు చెందిన యమగివా, ఇచికావా కుందేళ్ల చెవులకు నెలల తరబడి తారు పూసి క్యాన్సర్ పుట్టించి చూపారు. వంశం పక్షానికి సాక్ష్యం ఇళ్లల్లోంచి వచ్చింది. 1866లో ఫ్రెంచి వైద్యుడు పాల్ బ్రోకా తన భార్య తరఫు కుటుంబంలో రొమ్ము క్యాన్సర్ తరతరాలుగా ఎలా వస్తోందో నమోదు చేశాడు.

అన్నిటికన్నా విలువైన సాక్ష్యం 1895లో అమెరికాలోని ఆన్ ఆర్బర్‌లో దొరికింది. మిషిగన్ విశ్వవిద్యాలయ పాథాలజిస్టు ఆల్డ్రెడ్ వార్తిన్‌తో బట్టలు కుట్టే ఒకామె తన దిగులు చెప్పుకుంది. తన వాళ్లెందరో క్యాన్సర్‌తోనే పోయారని, తన గతీ అదేనని ఆమె భయం. చివరికి ఆమె చిన్న వయసులోనే గర్భాశయ క్యాన్సర్‌తో చనిపోయింది. వార్తిన్ ఆ మాటను తేలిగ్గా తీసుకోకుండా వంశవృక్షం గీసి, 1913లో ప్రచురించాడు. వైద్య గ్రంథాల్లో అది 'జి కుటుంబం'గా నిలిచింది. అమెరికా వైద్యుడు హెన్రీ లించ్ 1960లలో ఇలాంటి కుటుంబాలను మళ్లీ పట్టించుకునేదాకా ఆ పరిశోధనను దాదాపు అందరూ మరిచిపోయారు. ఈ వంశపారంపర్య స్థితినే ఇప్పుడు లించ్ సిండ్రోమ్ అంటున్నారు. డీఎన్‌ఏలో దొర్లిన తప్పులను దిద్దే ఎంఎస్‌హెచ్2 అనే జన్యువు ఆ కుటుంబంలో దెబ్బతిన్నదని 2000లో తేలింది.

ఇంతవరకు చదివితే ఇది అచ్చంగా వంశం కథే అనిపిస్తుంది. కానీ జి కుటుంబంలో తొలి తరాలవారికి ఎక్కువగా వచ్చింది జీర్ణాశయ క్యాన్సర్, గర్భాశయ క్యాన్సర్. తర్వాతి తరాలకు వచ్చేసరికి జీర్ణాశయ క్యాన్సర్ తగ్గి, పెద్దపేగు క్యాన్సర్ ముందుకొచ్చింది. జన్యువులోని లోపం మారలేదు, అది దెబ్బతీసే అవయవం మారింది. అదే కాలంలో అమెరికా జనాభా మొత్తంలోనూ జీర్ణాశయ క్యాన్సర్ తగ్గుతూ వచ్చింది. జపాన్ నుంచి అమెరికాకు వలస వెళ్లిన కుటుంబాల్లోనూ ఇదే మార్పు కనబడిందని 1968లో హెన్‌జెల్, కురిహరా చూపారు. వారసత్వానికి తిరుగులేని ఉదాహరణ అనుకున్న కుటుంబమే పరిసరాల బలాన్నీ నిరూపించిందన్నమాట. ఈ సంగతికి దక్కాల్సినంత పేరు దక్కలేదని నా అభిప్రాయం.

తగాదా ముదిరింది మాత్రం సిగరెట్ల దగ్గర. పొగతాగడానికీ ఊపిరితిత్తుల క్యాన్సర్‌కూ ఉన్న సంబంధాన్ని 1950లో బ్రిటన్‌లో డాల్, హిల్, అమెరికాలో వైండర్, గ్రాహమ్ బయటపెట్టారు. గణాంకశాస్త్ర దిగ్గజం రొనాల్డ్ ఫిషర్ 1958లో దీనికి అడ్డం తిరిగాడు. పొగతాగాలన్న కోరికా, క్యాన్సర్ వచ్చే గుణమూ ఒకే జన్యు మూలం నుంచి పుట్టి ఉండవచ్చు కదా అన్నాడు. జన్యువులు ఒకేలా ఉండే సమరూప కవలలకు పొగ అలవాటు కూడా చాలావరకు ఒకేలా ఉంటుందని రుజువు చూపాడు. ఫిషర్ స్వయంగా పైపు తాగేవాడు, పొగాకు పరిశ్రమకు జీతం తీసుకునే సలహాదారు కూడా. మరుసటి ఏడాదే జెరోమ్ కార్న్‌ఫీల్డ్ బృందం లెక్కతో జవాబిచ్చింది: పొగతాగేవారికి తొమ్మిది రెట్లు ముప్పు ఉంటే, దానికి కారణమనే దాగున్న గుణం కూడా వాళ్లలో కనీసం తొమ్మిది రెట్లు ఎక్కువగా కనిపించాలి. అలాంటిదేదీ ఎవరూ చూపలేకపోయారు. అయినా ఫిషర్ వాదన పొగాకు కంపెనీలకు వరంలా దొరికింది. జన్యువుల మాటెత్తితే ఎవరినో కాపాడటానికేనన్న అనుమానం ప్రజారోగ్య రంగంలో మిగిలిపోవడానికి ఇదీ ఒక కారణమనిపిస్తుంది.

యాభై ఏళ్ల తర్వాత ఫిషర్ సగం గెలిచాడు. 15వ క్రోమోజోమ్ మీద నికోటిన్ గ్రాహకాల (కణాల మీద నికోటిన్ అంటుకునే చోట్ల) జన్యువులున్న చోట ఒక వైవిధ్యం, అంటే కొందరిలోనే ఉండే చిన్న జన్యు తేడా, ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పును పెంచుతుందని 2008లో మూడు బృందాలు ప్రకటించాయి. ఆ వైవిధ్యం ఉన్నవారు మిగతా పొగరాయుళ్లకన్నా కాస్త ఎక్కువ కాలుస్తారు. సిగరెట్ ముట్టనివారిలో మాత్రం దానివల్ల ముప్పు పెరిగిన దాఖలా కనబడలేదు. జన్యువు ఉన్నమాట నిజమే, అది సిగరెట్‌ను నిర్దోషిని చేయలేదు.

రెండూ కలిసి ఎలా పనిచేస్తాయన్నదానికి తొలి నమూనా 1971లో ఆల్ఫ్రెడ్ క్నడ్సన్ ఇచ్చాడు. కంటిలో వచ్చే రెటినోబ్లాస్టోమా రోగుల వివరాలు 48 మాత్రమే తీసుకుని, కణం గాడి తప్పడానికి దాని జన్యువుకు రెండు దెబ్బలు తగలాలని, కొందరు పిల్లలు మొదటి దెబ్బతోనే పుడతారని లెక్క తేల్చాడు. పెద్దల క్యాన్సర్లకు ఇంకా ఎక్కువ దెబ్బలు కావాలి. పొగ, మద్యం, ఊబకాయం, ఎండ, కొన్ని ఇన్ఫెక్షన్లు ఆ మిగతా దెబ్బలు పడటాన్ని వేగిరం చేస్తాయి.

మద్యం విషయంలో ఇది కళ్లకు కట్టినట్టు తెలుస్తుంది. ఆల్కహాల్ ఒంట్లో మొదట ఎసిటాల్డిహైడ్‌గా మారుతుంది. అది డీఎన్‌ఏను పాడుచేసే విషం. దాన్ని వదిలించే ఎంజైమ్ తూర్పు ఆసియా ప్రజల్లో సుమారు 36 శాతం మందికి జన్యు వైవిధ్యం వల్ల సరిగా పనిచేయదు. గ్లాసు ముట్టగానే మొహం ఎర్రబడి, గుండె దడదడలాడుతుంది. తల్లీతండ్రీ ఇద్దరి నుంచీ ఈ వైవిధ్యం వచ్చినవారు బాధ భరించలేక తాగడమే మానేస్తారు, కాబట్టి వాళ్లకు ముప్పు పెరగదు. ఒక్కరి నుంచే వచ్చినవారు మెల్లగా అలవాటు పడగలరు. అలా అలవాటుపడి తాగేవారికే అన్నవాహిక క్యాన్సర్ ముప్పు ఎన్నో రెట్లు పెరుగుతుంది. జపాన్‌లో మద్యానికి బానిసలైనవారిలో ఇలా ఒక్కరి నుంచే ఆ వైవిధ్యం వచ్చినవారు 1979లో 2.5 శాతమైతే 1992 నాటికి 13 శాతమయ్యారు. పదమూడేళ్లలో జన్యువులు మారవు, తాగక తప్పని సందర్భాలు పెరిగి ఉంటాయి.

రొమ్ము క్యాన్సర్‌లోనూ ఇలాంటిదే జరిగింది. బీఆర్‌సీఏ1, బీఆర్‌సీఏ2 జన్యువుల్లో లోపముంటే రొమ్ము క్యాన్సర్ ముప్పు బాగా పెరుగుతుంది. అలాంటి మహిళలపై అమెరికా జన్యుశాస్త్రవేత్త మేరీ క్లేర్ కింగ్ బృందం 2003లో న్యూయార్క్ ప్రాంత అధ్యయనం వెలువరించింది. 1940కి ముందు పుట్టినవారిలో 50 ఏళ్ల లోపు జబ్బు వచ్చే అవకాశం 24 శాతం, ఆ తర్వాత పుట్టినవారిలో 67 శాతం. ముందే కనిపెట్టే పరీక్షలు పెరగడం ఇందులో కొంత భాగం కావచ్చు. యుక్తవయసులో వ్యాయామం చేసి, ఒళ్లు పెరగకుండా ఉన్నవారికి మాత్రం జబ్బు ఆలస్యంగా వచ్చింది.

ఇక శాతాల గొడవ. అమెరికాలో క్యాన్సర్ మరణాల్లో సుమారు 30 శాతం పొగాకు వల్లేనని 1981లో డాల్, పీటో అంచనా కట్టారు. స్వీడన్, డెన్మార్క్, ఫిన్లాండ్‌లలో 44,788 కవల జంటలను పరిశీలించిన 2000 నాటి అధ్యయనం, మనిషికీ మనిషికీ మధ్య ముప్పులో కనిపించే తేడాలో ప్రోస్టేట్ క్యాన్సర్‌లో 42 శాతం, పెద్దపేగు క్యాన్సర్‌లో 35, రొమ్ము క్యాన్సర్‌లో 27 శాతం వారసత్వానిదని చెప్పింది. ఇలాంటి అంకెలను కలిపి 100కు సరిచూడాలనుకోవడం వృథా ప్రయాస. ఎంజైమ్ లోపమున్న తాగుబోతుకు వచ్చిన అన్నవాహిక క్యాన్సర్‌లో జన్యువు వాటా ఎంత, మద్యం వాటా ఎంత? చాలా సందర్భాల్లో ఏ ఒక్కటి లేకున్నా ఆ జబ్బు వచ్చేది కాదు.

ఇప్పుడు వందలాది చిన్న చిన్న వైవిధ్యాలను కూడి ఒక మనిషికి జన్యు స్కోరు ఇస్తున్నారు. బ్రిటన్‌లోని యూకే బయోబ్యాంక్ సమాచారంతో 2021లో వచ్చిన పరిశోధనలో, స్కోరు ఎక్కువున్నా మంచి అలవాట్లున్నవారికి ముప్పు తక్కువగా కనిపించింది. అయితే ఇలాంటి స్కోర్లు ఎక్కువగా యూరప్ మూలాలున్నవారి డీఎన్‌ఏ ఆధారంగా తయారైనవి, ఇతరుల విషయంలో అంత కచ్చితంగా పనిచేయవు. అలవాట్ల వివరాలా, చాలావరకు మనుషులు ప్రశ్నపత్రంలో తమ గురించి తాము రాసిచ్చినవే.