ఈవీఎంల మీద అపోహలు - వాస్తవాలు: ఎలక్షన్ డ్యూటీ చేసిన ఓ మాస్టారి మాట

టీచరుగా ఉన్నన్నాళ్లూ ఎలక్షన్ డ్యూటీ నన్ను వదల్లేదు. బూత్‌ను నడిపే ప్రిసైడింగ్ ఆఫీసరుగా (పీఓగా) చేశాను, పీఓలకు ట్రైనింగూ ఇచ్చాను. రిటైరయ్యాను కాబట్టి ఇప్పుడు కాస్త మొహమాటం లేకుండా చెప్పొచ్చు. ఓడిపోయినవాళ్లు పుట్టించే అపోహలు కొన్నయితే, మిషన్‌ను వెనకేసుకొచ్చేవాళ్లు ప్రచారం చేసేవి ఇంకొన్ని.

అపోహ: ఏ గుర్తు మీద గుద్దినా ఓటు ఒకే పార్టీకి పోతుంది.

వాస్తవం: పోలింగ్ ఏడింటికైతే ఐదున్నరకే మాక్ పోల్, అంటే ఉత్తుత్తి పోలింగ్ పెట్టాలి. అభ్యర్థుల ఏజెంట్ల ఎదుట, ప్రతి అభ్యర్థికీ, నోటాకీ పడేలా కనీసం 50 ఓట్లు వేయిస్తాం. క్లోజ్ బటన్ నొక్కి, రిజల్ట్ చూపించి, వీవీప్యాట్ (ఓటు ఎవరికి పడిందో స్లిప్పు మీద అచ్చువేసి చూపే మిషన్) డబ్బాలోని స్లిప్పులు లెక్కపెట్టి, రెండూ సరిపోయాకే క్లియర్ నొక్కుతాం. ఆ స్లిప్పుల వెనక ముద్ర కొట్టి నల్ల కవర్లో పెట్టి సీలు వేస్తాం. చిక్కల్లా ఏమిటంటే, ఆ చీకట్లో ఏజెంట్లు సగం మంది రారు. పావుగంట చూసి మొదలుపెట్టమంటాయి రూల్స్. ఏడింటికి తీరిగ్గా వచ్చిన పెద్దమనిషే, తాను చూడని మాక్ పోల్ గురించి సాయంత్రం అనుమానాలు లేవనెత్తుతాడు.

ఇంకో సంగతి. ఏ మిషన్ ఏ నియోజకవర్గానికి, తర్వాత ఏ బూత్‌కు పోవాలో రెండు విడతల ర్యాండమైజేషన్‌లో, అంటే లాటరీ లాంటి ఎంపికలో తేలుతుంది. బ్యాలెట్ మీద పేర్ల వరస అభ్యర్థుల పేర్ల అక్షరక్రమాన్ని బట్టి ఉంటుంది: ముందు గుర్తింపు పొందిన పార్టీలు, తర్వాత రిజిస్టర్డ్ పార్టీలు, చివర ఇండిపెండెంట్లు. ఫలానా పార్టీ బటన్ ఎన్నోదో మిషన్ తయారుచేసేవాడికి తెలిసే వీల్లేదు.

ఇంతా చేశాక కూడా, వీవీప్యాట్ అద్దంలో ఏడు సెకన్లు కనిపించే స్లిప్పు మీద మీరు వేయని గుర్తు వస్తే? అక్కడికక్కడే పీఓకు చెప్పండి. రాతపూర్వకంగా డిక్లరేషన్ తీసుకుని, ఏజెంట్ల ముందు మీతో టెస్ట్ ఓటు వేయిస్తారు. నిజమని తేలితే ఆ మిషన్‌లో పోలింగ్ ఆగిపోతుంది. అబద్ధమైతే మీ మీద కేసు. ఈ కేసు భయం నిజమైన ఫిర్యాదుదారుణ్ణి కూడా వెనక్కి లాగుతుందనేది నా అభిప్రాయం.

అపోహ: ఈవీఎంకూ కంప్యూటర్‌కూ సంబంధమే లేదు, కాబట్టి ఎవరూ ఏమీ చేయలేరు.

వాస్తవం: ఇది రెండో వర్గం వాళ్ల మాట. ఇంటర్నెట్, వైఫై, బ్లూటూత్ ఈవీఎంలో లేవు, అంతవరకు నిజం. కానీ వీవీప్యాట్ వచ్చాక అభ్యర్థుల పేర్లు, గుర్తులు అందులోకి ఎక్కించాలి కదా. వాటిని ల్యాప్‌టాప్‌ నుంచి సింబల్ లోడింగ్ యూనిట్‌లోకి, అక్కణ్ణుంచి వీవీప్యాట్‌లోకి ఎక్కిస్తారు. అందుకే 2024 ఏప్రిల్ 26న సుప్రీంకోర్టు ఆ యూనిట్లకు కూడా సీలు వేసి, ఫలితాల తర్వాత 45 రోజులు స్ట్రాంగ్ రూమ్‌లో ఉంచమంది. రెండు, మూడు స్థానాల్లో నిలిచినవాళ్లు ఏడు రోజుల్లోగా అడిగితే 5 శాతం మిషన్ల మెమరీని ఇంజనీర్లతో పరీక్ష చేయించాలని కూడా చెప్పింది.

మిషన్ చేతికి చిక్కితే దాన్ని మార్చొచ్చని 2010లోనే హైదరాబాద్‌కు చెందిన హరి ప్రసాద్, ఇద్దరు విదేశీ నిపుణులతో కలిసి చూపించారు. ఆ మిషన్ ఎక్కణ్ణుంచి వచ్చిందో చెప్పనందుకు అరెస్టయ్యారు కూడా. సీళ్లు, నంబర్లు, కాపలాల మీద ఇన్ని రూల్స్ ఎందుకంటే మిషన్ అలా ఎవరి చేతికీ చిక్కకూడదనే.

అపోహ: వీవీప్యాట్ స్లిప్పులు ఊరికే చూపించడానికే, లెక్కపెట్టరు.

వాస్తవం: 2019లో చంద్రబాబు నాయుడు తదితరులు వేసిన పిటిషన్‌పై సుప్రీంకోర్టు, ఒక్కో అసెంబ్లీ సెగ్మెంట్‌లో ఐదు బూత్‌ల స్లిప్పులు లెక్కపెట్టమంది. ఆ బూత్‌లను లాటరీ తీసి ఎంచుతారు. మిషన్ అంకె ఒకటి, స్లిప్పుల అంకె ఇంకొకటి వస్తే రూల్ ప్రకారం స్లిప్పులదే చెల్లుతుంది.

అపోహ: అభ్యర్థులు ఎక్కువైతే ఈవీఎం పనికిరాదు.

వాస్తవం: 2019లో నిజామాబాద్‌లో పసుపు రైతులు పెద్ద ఎత్తున నామినేషన్లు వేస్తే 185 మంది బరిలో మిగిలారు. ఓటరు బటన్ నొక్కే బ్యాలెట్ యూనిట్లు పన్నెండు వరసగా కలిపి పోలింగ్ జరిపారు.

అపోహ: పోలింగ్ రోజు ఒక శాతం చెప్పి తర్వాత పెంచారంటే, రాత్రికి రాత్రి ఓట్లు కలిపారన్నమాటే.

వాస్తవం: రెండు గంటలకోసారి చెప్పే శాతం ఫోన్లలో అందిన ఉజ్జాయింపు. ఆరు గంటలకు లైన్లో ఉన్నవాళ్లందరికీ చివరి మనిషి నుంచి మొదలుపెట్టి స్లిప్పులిస్తాం, వాళ్లు ఓటేసేదాకా పోలింగ్ సాగుతుంది. 2024 మేలో ఆంధ్రప్రదేశ్‌లో కొన్నిచోట్ల అర్ధరాత్రి దాటింది.

అసలు లెక్క ఫారం 17సీలో ఉంటుంది: కంట్రోల్ యూనిట్‌లో (ఓట్లు నమోదయ్యే, పీఓ దగ్గరుండే మిషన్‌లో) పడ్డ మొత్తం ఓట్లు, రిజిస్టరులో సంతకాలు పెట్టినవాళ్ల సంఖ్య, సీళ్ల నంబర్లు. నకలు ప్రతి ఏజెంటుకూ ఇవ్వాల్సిందే. ఇవ్వబోతే "బండి వెళ్లిపోతోంది సార్" అని పరిగెత్తినవాళ్లను చూశాను. ఆ కాగితం చేతిలో లేకపోతే, కౌంటింగ్ టేబుల్ మీద టోటల్ నొక్కినప్పుడు దేనితో పోల్చుకుంటారు? ఈ ఫారాలు వెబ్‌సైట్‌లో పెట్టేస్తే సగం వదంతులు చల్లారతాయని నేననుకుంటాను. ఎన్నికల సంఘం మాత్రం 2024లో కోర్టులో దీన్ని వ్యతిరేకించింది.

అపోహ: నా ఓటు ఇంకెవరో వేసేస్తే ఇక అంతే.

వాస్తవం: మీరే మీరని రుజువైతే టెండర్డ్ ఓటు ఇస్తారు. మిషన్‌లో వేయనివ్వరు, కాగితం బ్యాలెట్ మీదే వేయాలి. అది విడిగా కవర్లోకి వెళ్తుంది, కౌంటింగ్‌లో కలపరు. ఎన్నికల పిటిషన్ పడి కోర్టు అడిగితే తప్ప దాన్ని తెరవరు.