హీరోని ద్వేషిస్తే హీరోయిన్ ఎదిగినట్టేనా? మాంగా కథలపై అపోహలు - వాస్తవాలు

నా దగ్గర మాంగా, అంటే జపాన్ తరహా బొమ్మల కథలు, గీయడం నేర్చుకునే ఆడపిల్లల కథల్లో ఒకే మలుపు పదేపదే వస్తుంది. హీరోయిన్ ఒకణ్ణి దేవుడిలా కొలుస్తుంది. వాడు మోసం చేస్తాడు. ఆమె జుట్టు కత్తిరించుకుని "నీ అంతు చూస్తా" అంటుంది. అక్కడితో కథ అయిపోయిందంటారు. అయిపోలేదమ్మా, ఇంకా మొదలే కాలేదు.

అపోహ: హీరో మీద అసహ్యం పుడితే చాలు, పాత్రకు సొంత వ్యక్తిత్వం వచ్చేసినట్టే.

వాస్తవం: కొలిచినా, పగబట్టినా ఆమె పొద్దస్తమానం తలుచుకునేది అతన్నే. రచయిత్రి నకమురా యోషికి 2002లో మొదలుపెట్టిన మాంగా 'స్కిప్ బీట్!' చూడండి. పదహారేళ్ల క్యోకో, షో అనే చిన్ననాటి నేస్తం గాయకుడవుతానంటే, అతని కోసం చదువు మానేసి క్యోటో నుంచి టోక్యో వచ్చేస్తుంది. ఇంటి అద్దె కోసం రెండేసి పనులు చేస్తుంది. తనని పనిమనిషి లెక్కన తెచ్చుకున్నానని షో అంటుంటే ఒకరోజు చెవులారా వింటుంది. జుట్టు కత్తిరించి, రంగేసుకుని, పగ తీర్చుకోవడానికే నటనలోకి దిగుతుంది. మా పిల్లలు ఆపేసే చోటు ఇదే. నకమురాకి ఇది ఆరంభం మాత్రమే.

క్లాసులో నేను తరచూ చూపించే ఘట్టం ఒకటుంది. కాలు దెబ్బతిన్నా క్యోకో కిమోనో కట్టుకుని వంక పెట్టలేనంత పద్ధతిగా జపాన్ సంప్రదాయ టీ వేడుక నడిపిస్తుంది. ఆ నడక, ఆ మర్యాద అన్నీ షో వాళ్ల సత్రానికి కోడలిగా వెళ్లాలని నేర్చుకున్నవే. తనకంటూ ఏమీ మిగల్లేదని అర్థమయ్యాక, నటిస్తూ తనని తాను తయారుచేసుకోవాలనుకుంటుంది. తర్వాత 'డార్క్ మూన్' సీరియల్లో మియో వేషం దొరుకుతుంది. అది పాత సీరియల్‌కి రీమేక్, అందరి కళ్లలో పాత మియోనే ఉంది. క్యోకో ఆమెను అనుకరించదు, తన మియోని తానే తయారుచేసుకుంటుంది. ఆ పనిలో షో ఊసే లేదు. అందుకే పిల్లలకు చెబుతాను: అతని పేరు, అతని మీద కోపం రెండూ లేకుండా మీ హీరోయిన్‌తో ఒక్క పేజీ గీసుకురండి. చాలామంది ఖాళీ పేజీతో వస్తారు. అసలు పని అప్పుడు మొదలవుతుంది.

అపోహ: ఇంకా మంచి హీరో దొరికితే సమస్య తీరినట్టే. తీరదు, పూజించే పటం మారుతుందంతే. అదే కథలోని పేరున్న నటుడు రెన్‌ని క్యోకో ఎంత గౌరవించినా, అప్పటికి ఆమె చేతిలో సొంత పని ఉంది.

అపోహ: మాంగా చదివితే పిల్లలు పాడైపోతారు. వాట్సాప్‌లో ఎవరో పంపిన మాట ఇది. దీనికి జవాబు చెప్పే ఓపిక నాకు లేదు.

కానీ భయపడే తల్లిదండ్రుల మీద నాకు కోపం లేదు. ఒకావిడ కూతురి నోటుబుక్కులు సంచీలో వేసుకొచ్చారు. ఏ పేజీ తీసినా ఒకే హీరో ముఖం. "పిచ్చి పట్టిందేమో సార్" అని ఒకటే టెన్షన్. నేను ఆ బొమ్మల్లోని చేతులు చూపించాను: మొదటి పుస్తకంలో జేబుల్లో దాచేసిన చేతులు, చివరి దాంట్లో వేళ్ల కణుపులతో సహా గీసింది. ఆ చెయ్యి రేపు ఎవరినైనా గీయగలదు. పుస్తకాలు దాచేయకండి, చింపకండి. ఇవాళ ఏం గీశావని పక్కన కూర్చుని అడగండి, చాలు.