తీగకు అవతలి కొసన: తోట టిల్లర్లు, కరెంటు, పచ్చదనం లెక్క

1879లో ఫ్రాన్స్‌లోని సెర్మేజ్‌లో ఒక చక్కెర కర్మాగారం దగ్గర పొలాన్ని కరెంటుతో దున్నారు. క్రెటియన్, ఫెలిక్స్ అనే ఇద్దరు చేసిన ప్రయోగమది. కర్మాగారంలోని ఆవిరి యంత్రం డైనమోను తిప్పింది. అక్కడ పుట్టిన విద్యుత్తు తీగల మీదుగా పొలానికి చేరి మోటార్లను నడిపింది. మోటార్లు ఇనుప తాడుతో నాగలిని ఇటూ అటూ లాగాయి. దున్నే చోట నిప్పు లేదు, పొగ లేదు. ఆ రెండూ తీగకు అవతలి కొసన, బాయిలర్ దగ్గర ఉన్నాయి.

పాత పెట్రోలు టిల్లర్‌ను వదిలి బ్యాటరీ టిల్లర్ కొంటే నిజంగా పర్యావరణానికి మేలా అని ఈరోజు అడుగుతున్న ప్రశ్న ఆ పొలంలోనే పుట్టింది. విద్యుత్తు ఇంధనం కాదు, ఇంధనం చేసిన పనిని మోసుకొచ్చే వాహకం. దాని మంచిచెడ్డలు అది ఎక్కడి నుంచి బయలుదేరిందో చూస్తేనే తెలుస్తాయి.

తోటల్లో వాడే టిల్లర్‌కు మాత్రం నాగలితో చుట్టరికం తక్కువ. నాగలిని ఎవరో ఒకరు లాగాలి. టిల్లర్‌లో బ్లేడ్లే గిర్రున తిరుగుతూ మట్టిని కొట్టి గుల్ల చేస్తాయి. ఈ పద్ధతిని 20వ శతాబ్దపు తొలి దశాబ్దాల్లో యంత్రంగా మలచినవారిలో స్విట్జర్లాండ్‌కు చెందిన కాన్రాడ్ ఫాన్ మేయెన్‌బుర్గ్ ముఖ్యుడు. ఆయన దగ్గర హక్కులు తీసుకుని తయారీకి దిగింది జర్మనీలోని సీమెన్స్ షుకర్ట్ సంస్థ. మోటార్లు అమ్ముకునే సంస్థకు మట్టితో ఏం పని అనిపిస్తుంది కానీ, మోటార్లు అమ్మాలంటే వాటికి కొత్త పనులు వెతకాలి కదా. అందుకే సీమెన్స్ టిల్లర్లలో తీగతో నడిచేవి కూడా ఉండేవి. విద్యుత్ టిల్లర్ నిన్నమొన్నటి కొత్త ఆలోచన కాదు, పెట్రోలు టిల్లర్‌కు తోబుట్టువు.

మరి ఎందుకు ఓడిపోయింది? కాలుష్యం గురించి అప్పట్లో ఎవరూ బేరీజు వేయలేదు. ఓడించింది తీగే. మడి చివర మలుపు తిరిగిన ప్రతిసారీ వెనక ఈడ్చుకొస్తున్న తీగను ఎత్తి పక్కకు వేయాలి. అది మొక్కల మీద పడుతుంది. ఏమరుపాటున బ్లేడ్ల కింద పడితే ప్రాణానికే ముప్పు. పైగా చాలా పొలాలకు అప్పటికి కరెంటే లేదు. పెట్రోలు డబ్బా అయితే ఎక్కడికైనా వెళ్తుంది.

ఇంకో పాయ ఆస్ట్రేలియాది. న్యూ సౌత్ వేల్స్‌లోని గిల్గాండ్రాలో ఆర్థర్ క్లిఫర్డ్ హోవర్డ్ అనే యువకుడు 1912లో తండ్రి పొలంలో ఆవిరి ట్రాక్టర్ నుంచి శక్తి తీసుకుని తిరిగే బ్లేడ్లతో ప్రయోగాలు మొదలుపెట్టాడు. తొలి నమూనాలు మట్టిని పక్కకు విసిరేసేవి. సన్నటి ఇరుసుకు దూరదూరంగా బిళ్లలు అమర్చి, వాటికి ఎల్ ఆకారపు బ్లేడ్లు బిగించాక ఆ సమస్య తీరింది. ఇప్పటికీ ట్రాక్టర్ వెనక తగిలించే రోటవేటర్ కింద వంగి చూస్తే కనిపించేది ఆ వంపు తిరిగిన బ్లేడే. 1920లో ఆయన పేటెంటు తీసుకున్నది మాత్రం పెట్రోలు ఇంజన్‌తో నడిచే యంత్రానికి.

అమెరికాకు సీమెన్స్ యంత్రాలను తెచ్చింది అంతకుముందు కార్ల వ్యాపారం చేసిన కెల్సీ. 1930లలో రోటోటిల్లర్ పేరుతో అమ్మకాలు మొదలుపెట్టి, తయారీని న్యూయార్క్ రాష్ట్రంలోని ట్రాయ్‌కి తెచ్చాడు. తర్వాతి దశాబ్దాల్లో అదే ఊరి నుంచి ట్రాయ్ బిల్ట్ టిల్లర్లు వచ్చాయి. పాత యంత్రాలను ఇష్టపడేవారు ఇప్పటికీ వెతికి పట్టుకునేవి ఇవే. పోత ఇనుప గేర్ పెట్టె, లోపల కంచు వార్మ్ గేరు. నూనె సీలు కారుతున్నా, స్టార్టర్ తాడు తెగినా, కార్బురేటర్‌లో నిరుటి పెట్రోలు జిగురు కట్టినా ఒక పానా, ఒక స్క్రూడ్రైవర్‌తో ఇంట్లోనే విప్పి బాగుచేసుకోవచ్చు. యాభై ఏళ్ల నాటి యంత్రం ఇంకా మట్టిలో తిరుగుతోందంటే దాని ఇనుము తయారీకైన కాలుష్యం ఖాతా ఎప్పుడో ముగిసిపోయిందన్నమాట. పాత టిల్లర్ పక్షాన చెప్పగల బలమైన మాట ఇదొక్కటే, కానీ చిన్న మాట కాదు.

దాని పొగ సంగతి వేరు. పాత టిల్లర్లలో ఉండే, సిలిండర్ పక్కన వాల్వులున్న ఇంజన్లకు గాలితో పోలిస్తే పెట్రోలు ఎక్కువ పడుతుంది. సగం కాలిన ఇంధనం కార్బన్ మోనాక్సైడ్‌గా, ఆవిరిగా హ్యాండిల్ పట్టుకున్న మనిషి ముఖం మీదికే వస్తుంది. పెట్రోల్లో నూనె కలిపి పోసే రెండు స్ట్రోకుల చిన్న ఇంజన్లు మరీ ఘోరం. వాటిలో పోసిన ఇంధనంలో దాదాపు పావు వంతు కాలకుండానే బయటికి పోతుంది. కార్ల పొగకు ఎంతో ముందే కళ్లెం వేసిన అమెరికాలో ఇలాంటి చిన్న ఇంజన్ల జోలికి వెళ్లింది 1990ల నడిమి కాలంలోనే. 2021లో కాలిఫోర్నియా చేసిన చట్టం కొత్త చిన్న పెట్రోలు ఇంజన్ల అమ్మకానికే తెర దించే దారి పట్టింది. అయితే ఆ చట్టం కొత్తవాటి అమ్మకానికే. షెడ్డులో ఉన్న పాత టిల్లర్‌ను అది ముట్టుకోదు.

ఈలోగా విద్యుత్తు ఒకసారి తిరిగివచ్చి వెళ్లింది. 1969లో జనరల్ ఎలక్ట్రిక్ సంస్థ ఎలెక్ ట్రాక్ అనే తోట ట్రాక్టర్‌ను తెచ్చింది. ఆరు సీసపు బ్యాటరీలు, మొత్తం 36 వోల్టులు. గడ్డి కోయడం నుంచి మట్టి తవ్వడం దాకా పనిముట్లు తగిలించుకోవచ్చు. శబ్దం లేని యంత్రంగా మెచ్చుకున్నవాళ్లున్నా కొన్నేళ్లకే సంస్థ ఆ వ్యాపారం నుంచి తప్పుకుంది. ఆ ట్రాక్టర్ చేసిన సంస్థే విద్యుత్ కేంద్రాలకు టర్బైన్లూ చేసేది. తీగకు రెండు కొసలా సరుకు దానిదే!

ఇక లెక్కకు వద్దాం. లీటరు పెట్రోలు కాలితే సుమారు 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. దానిలోని శక్తి 9 యూనిట్ల దాకా ఉన్నా, చిన్న పాత ఇంజన్‌లో ఆరో వంతే బ్లేడ్ల దాకా చేరుతుందనుకుందాం, అంటే యూనిట్‌న్నర. అదే పనికి ఛార్జర్, బ్యాటరీ, మోటారు నష్టాలు కలుపుకుని గోడ ప్లగ్గు నుంచి రెండు యూనిట్లు తీసుకోవాలి. ఆ కరెంటు పూర్తిగా పాత బొగ్గు కేంద్రం నుంచే వస్తే యూనిట్‌కు కిలో చొప్పున రెండు కిలోలు. పెట్రోలుకూ దానికీ పెద్ద తేడా లేదు, వెలికితీత, శుద్ధి ఖర్చు కలిపితే పెట్రోలు కాస్త ఎక్కువ చెడ్డది, అంతే. గాలిమర కరెంటైతే కథే మారిపోతుంది. ఐక్యరాజ్యసమితి వాతావరణ నిపుణుల బృందం 2014 నివేదికలో గాలిమరల తయారీతో సహా యూనిట్‌కు వేసిన మధ్యస్థ అంచనా 11 గ్రాములు. ఇంటి కప్పు మీది సౌర ఫలకాలకు 41.

కాబట్టి 'కరెంటు అంటే పచ్చదనం' అనే ప్రచారం ఎంత డొల్లదో, 'బొగ్గు కరెంటే కదా, రెండూ ఒకటే' అనే ఎదురు వాదన కూడా అంతే డొల్లది. బొగ్గుతో నడిచినా పొగ తోటమాలి ముఖాన కాక ఎత్తైన చిమ్నీ నుంచి పోతుంది. రెండోది, ఇదివరకే కొన్న విద్యుత్ టిల్లర్ కేంద్రాలు మారేకొద్దీ తానే శుభ్రపడుతుంది. పెట్రోలు ఇంజన్‌కు ఆ భాగ్యం లేదు.

అయినా బ్యాటరీ ఉచితంగా పుట్టదు. 40 వోల్టులు, 5 ఆంపియర్ గంటల లిథియం బ్యాటరీ అంటే యూనిట్‌లో ఐదో వంతు. యూనిట్ సామర్థ్యమున్న బ్యాటరీ తయారీకి 60 నుంచి 100 కిలోల కార్బన్ డయాక్సైడ్ విడుదలవుతుందని లెక్కిస్తే, ఈ ఒక్కదానికి 12 నుంచి 20 కిలోలు. పాత టిల్లర్ గంటకు లీటరు తాగుతుందనుకుంటే అది ఐదు నుంచి తొమ్మిది గంటలు నడిచినదానితో సమానం. ఏడాదికి రెండు గంటలు మాత్రమే దున్నే మనిషి శుభ్రమైన కరెంటు వాడినా, బ్యాటరీ బాకీ తీరడానికే మూడు నాలుగేళ్లు పడుతుంది. మోటారు, ప్లాస్టిక్ ఇందులో కలపలేదు. అదే రోజూ పది తోటల్లో పనిచేసే మనిషికైతే ఒక్క వారంలో తీరిపోతుంది. బ్యాటరీ మాత్రం ఎవరి దగ్గరున్నా కాలంతో పాటు అరుగుతుంది, వాడకపోయినా. పదేళ్ల తర్వాత అదే ఆకారపు బ్యాటరీ దొరుకుతుందన్న హామీని తయారీదారులు సాధారణంగా ఇవ్వరు. నాకు అసలు కోపం అక్కడే.

మట్టిని ఎక్కువగా తిప్పితే అందులోని సేంద్రియ పదార్థం తొందరగా కుళ్లి గాలిలో కలుస్తుంది, వానపాములు చస్తాయి. ఈ నష్టం బ్లేడ్లది, వాటిని తిప్పే శక్తిది కాదు. ఏటా దున్నే అలవాటు మానుకుంటే రెండు రకాల టిల్లర్లకూ పని తగ్గుతుంది.

పాత యంత్రం ఇంజన్ పూర్తిగా చచ్చిపోయినవారికి మూడో దారి ఉంది. బెల్టుతో నడిచే పాత టిల్లర్లలో ఇంజన్ నాలుగు బోల్టుల మీద కూర్చుంటుంది. దాన్ని దించి మోటారు ఎక్కించి, పుల్లీ సైజు మార్చుకుంటే గేర్ పెట్టెకు తేడా తెలియదు. చూసుకోవలసింది బరువు. వెనక బ్లేడ్లున్న టిల్లర్‌కు ముందున్న ఇంజనే తూకం. అది పోగానే ముక్కు పైకి లేస్తుంది, కనుక బ్యాటరీ పెట్టెను సరిగ్గా ఇంజన్ ఉన్న చోటే బిగించాలి.